ఫికర్ లేని కడుపు

ఛత్రినాక,
శ్రావణం, మొదటి శుక్రవారం

ఆండాలక్కకు,

గీతాంజలి రాస్తున్నాను. తోడికోడళ్ళం ఇంత దగ్గర ఉండి ఉత్తరం ఏమిటని నవ్వకు. నా ఫోన్ అత్తమ్మ బీరువాలో ఉంది, తాళంచెవి ఆమె కొంగున ఉంది. బోనాలు అయిన మర్నాడే తీసుకున్నారు.

ఎవరో డాక్టరమ్మ మాట్లాడిన వీడియో ఒకటి అత్తమ్మ చూశారు. తల్లికి దిగులు ఎక్కువైతే మగపిల్లలు పుట్టడం తక్కువట. ఆమె ఇంకా ఏం చెప్పిందో ఎవరికీ తెలియదు. అత్తమ్మ అక్కడికే ఆపేసి, "ఇగ ఈ ఇంట్ల గీతకు ఒక్క ఫికర్ కూడ రావొద్దు. ఎవ్వలన్న లొల్లి చేసిన్రో, చూడుర్రి మరి" అని హుకుం వేశారు. ఆరేళ్ళకు నిలిచిన కడుపు కదా, అందరూ సరేనన్నారు.

అప్పటి నుంచి నా వైభోగం చూడాలి నువ్వు. టీవీలో సీరియళ్ళు బంద్, వాటిలో ఏడుస్తారట. నవ్వించే కార్యక్రమాలు మాత్రం పెడతారు, అవి చూసి నేను నవ్వానా లేదా అని అత్తమ్మ నా ముఖం చూస్తారు. పేపరు ముందు మీ మరిది చదివి, ప్రమాదాల పేజీ తీసేసి ఇస్తారు. ఉల్లిగడ్డలు కూడా కోయనివ్వరు, కన్నీళ్ళు వస్తాయని! పొద్దున పెరుగు, సాయంత్రం మీగడ. మా ఇంటి వెనక చిన్న కొట్టంలో బర్రెలు నన్ను చూసి కుళ్ళుకుంటాయేమో.

బావ రోజూ పొద్దున్నే మీ కార్వాన్ పెద్ద కొట్టం నుంచి ఇక్కడి వాడుకలకు పాలు తెస్తారు కదా, ఖాళీ క్యాన్ మూతలో ఈ కాగితం పెట్టి పంపిస్తున్నాను. నువ్వూ అలాగే రాయి. ఇంట్లో అందరూ నాతో నవ్వుతూనే మాట్లాడుతున్నారు. నీలాగ ఒక మాట విసిరేవాళ్ళు లేక తోచడం లేదు.

మా అమ్మ బీదర్‌లో చిన్నమ్మ దగ్గరికి వెళ్ళిందని అత్తమ్మ చెప్పారు. నాకు ఒక మాట చెప్పకుండా ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళదు. అమ్మ ఇల్లు మీ వెనక గల్లీలోనే కాబట్టి, గుడి ముందు అమ్మ పూలకొట్టు తెరిచిందేమో చూసి రాయి. నీ కూతుళ్ళు అమలకు, నందుకు ముద్దులు.

నీ చెల్లెలు,
గీతాంజలి


కార్వాన్,
ఆదివారం

గీతకు,

నీ ఉత్తరం అందింది. నీ బావ క్యాన్ మూత తీసి, "ఏందో సర్కారు కాయితం లెక్క దాచి పంపింది, చూడు" అని ఇచ్చిండు. రెండుసార్లు చదివిన. మొదటిసారి మస్తు నవ్వొచ్చింది. రెండోసారి నవ్వు రాలే.

ఉల్లిగడ్డలు కోయనిస్తలేరా? అమల నా కడుపుల ఉన్నప్పుడు దీపావళి అయినంక దున్నలను తిప్పే సదర్ పండుగకు వచ్చిన చుట్టాలందరికి ఉల్లిగడ్డలు కోసింది నేనే. బస్తా ఖాళీ అయ్యేదాక కూసున్న. నందు కడుపుల ఉన్నప్పుడు మా నాయిన పోయిండు. ఆ ఫోన్ మొదలు నాకే వచ్చింది. ఎవరూ దాచలే, దాచాలని ఎవరికీ తోచనే లేదు. కర్మ అయిన తెల్లారే వచ్చి బర్రెల కింద కూసొని పాలు పిండిన. ఏడుస్తనే పిండిన. అత్త చూసి "పాలల్ల ఉప్పు పడకుండ చూడు" అన్నది.

నీకు తెల్వని ముచ్చట ఒకటి చెప్తా. బోనాల నాడు నలుగురు చుట్టాల ముందు అత్త ఏమన్నదో విన్నవా? "ఆండాలుది మొదటి సంది ఫికర్ గుణం. గందుకే ఇద్దరూ ఆడపిల్లలే" అన్నది. ఇన్నేండ్లు నా నసీబ్ అనేది, సరే అని ఊరుకున్న. నసీబ్ నా చేతిల లేదు గదా. ఇప్పుడు గుణం అంటున్నది, అంటే తప్పు నాదే అయింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకామె. నువ్వు నవ్వినవో లేదో నాకు తెల్వదు. నీ ముఖం దిక్కు చూడలే.

నిన్న చూడి బర్రెను కడుగుతూ ఆలోచన చేసిన. చూడి బర్రెను బెదిరియ్యొద్దని మనింట్ల తాతల కాలం నుంచి కట్టడి. దాని ముందు గట్టిగ దగ్గనియ్యరు. మరి అంత నిమ్మళంగ ఉండే బర్రెలకు అన్నీ దున్నలే పుట్టాలె గదా? సగం దున్నలు, సగం పెయ్యలు పుడుతున్నయి. పెయ్యదూడ పుట్టిననాడు ఇదే అత్త గల్లీ అంతా జున్ను పంచుతది. నా పిల్లలు పుట్టిననాడు చక్కెర పలుకన్న పంచలే. కొట్టంల ఒక లెక్క, ఇంట్ల ఒక లెక్క.

నాకు కుళ్ళు లేదు అని రాద్దామనుకున్న. ఉంది. రాసిన తర్వాత కొట్టేసుడెందుకు, ఉండనియ్యి.

మీ అమ్మ సంగతి నాకేం తెలుసు? బీదర్‌ల ఉందట గదా. పూలకొట్టు దిక్కు ఈ మధ్య పోలే.

ఆండాలు


ఛత్రినాక,
భాద్రపదం, బుధవారం

అక్కా,

నేను నవ్వలేదు. ఆ మాట అన్నప్పుడు నేను లోపల పడుకుని ఉన్నాను. ఉండి ఉంటే ఏం చేసేదాన్నో మాత్రం నాకు తెలియదు. నిజం చెబుతున్నాను, నన్ను ఎవరూ ఏమీ అనని రోజులు ఆరేళ్ళకు ఇప్పుడు వచ్చాయి. ఆ రోజులు పాడుచేసుకోవడానికి నాకు భయం.

ఇంకొకళ్ళ నోట వినేకంటే నేనే చెప్పడం మంచిది. మొన్న అత్తమ్మ నన్ను పత్తర్‌గట్టికి తీసుకెళ్ళి ముత్యాల గాజులు కొన్నారు. "నీ దిల్ ఖుష్ ఉండాలె బిడ్డా" అన్నారు. కొట్టులో కూర్చోబెట్టి చల్లని షర్బత్ తెప్పించారు. వద్దని ఒకసారి అన్నాను, రెండోసారి అనలేదు. పిల్లవాడికి పేరు కూడా పెట్టేశారు, మల్లికార్జున్ అట. సదర్‌కు తిప్పే పెద్ద దున్నపోతు ఫొటో నా మంచం ఎదురుగా గోడకు తగిలించారు. పొద్దున లేవగానే దాన్ని చూడాలట, పిల్లవాడు అంత బలంగా పుడతాడని.

చెకప్‌కు వెళ్ళి వచ్చాను. డాక్టరమ్మ అంతా బాగుందన్నారు. అంతకంటే విశేషం ఏమీ లేదు.

అక్కా, అమ్మ రోజూ ఫోన్ చేస్తోందని అత్తమ్మ చెబుతారు. ఎప్పుడూ నేను నిద్రపోతున్నప్పుడే చేస్తుందట. ఇరవై ఏళ్ళు నన్ను నిద్రలేపిన మనిషికి నా నిద్ర వేళలు తెలియవా? ఆయన ఫోన్ అడిగితే సిగ్నల్ లేదంటారు. నువ్వు ఒక్కసారి పూలకొట్టు వైపు వెళ్ళి చూడవూ?

గీత


కార్వాన్,
పెద్ద బతుకమ్మ తెల్లారి

గీతకు,

ముత్యాల గాజులు నిన్న బతుకమ్మ కాడ చూసిన. మంచిగున్నయి. నీ చేతికి ఇంక మంచిగున్నయి. నువ్వు ఆడలేదు, కుర్చీ మీద కూసొని చప్పట్లు కొట్టినవు. నీ వెనక అత్త విసనకర్ర పట్టుకొని నిలబడ్డది. ఆ చెయ్యి నాకు ఎరుకే. ఆ చెయ్యి విసురుతదని మాత్రం ఈ పదేండ్లల్ల తెల్వలే.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మల్లికార్జున్ అని పేరు కూడ అయిందా? నా పెద్దదానికి మూడు నెలల దాక పేరు పెట్టలే. "పాప" అన్నరు. ఆఖరికి అమల అని నేనే పెట్టిన.

ఇగ దున్నపోతు సంగతి. పొద్దున్నే దాని ముఖం చూస్తే దున్నపోతే పుడతది, జాగ్రత్త.

నవ్వులు చాలు. నిన్న ఇంటికి వచ్చినంక నందు నా కొంగు పట్టుకొని అడిగింది: "అమ్మా, నీకు ఫికర్ ఉండె గదా, గందుకే నేను పుట్టిన్నా? ఫికర్ లేకుంటే తమ్ముడు పుట్టేటోడా?" ఏడేండ్ల పిల్ల గీతా. నాయనమ్మ ఎవరితోనో అంటుంటే విన్నదట. "పోయి అన్నం తిను" అన్న. అది పోయి తినలే.

అప్పటి సంది అత్త మీద నా మంట ఆరుతలేదు. నీ మీద కూడ మండుతున్న, ఎందుకు దాచాలె? నీ ఫికర్ లేని కడుపు కోసం నా పిల్ల తను ఎందుకు పుట్టిందని అడుగుతున్నది. నాకు ఒక ముచ్చట తెలుసు. ఒక్క మాట రాస్తే చాలు, ఇన్ని నెలలు వాళ్ళు కాచిన నీ సుఖమంతా పాలు విరిగినట్టు విరుగుతది. రాస్తలేను. రాయొద్దని నాతో ఒట్టు పెట్టించిన్రు. నేను మంచిదాన్ని గదా!

ఆండాలు


ఛత్రినాక,
మర్నాడే

అక్కా,

ఏమిటా మాట? చదివినప్పటి నుంచి అన్నం సహించడం లేదు. మీ మరిది సంగతా? ఆయన ఈ మధ్య నా కళ్ళలోకి చూడటం లేదు. ఇంకొకరు ఎవరైనా ఉన్నారా? లేక బిడ్డ గురించి డాక్టరమ్మ వీళ్ళకు ఏమైనా చెప్పిందా?

ముఖం వాడితే అత్తమ్మ అడుగుతారని అద్దం ముందు నవ్వు దిద్దుకుని బయటికి వస్తున్నాను. సగం మాట రాసి వదిలేయడం పాము తోక తొక్కి వదిలినట్టు. రాస్తే రాయి, లేదంటే ఏమీ లేదని రాయి. ఇంకో సంగతి, నా శ్రీమంతానికైనా అమ్మ వస్తుందా? అత్తమ్మను అడిగితే "చూద్దాం బిడ్డా" అంటారు. ఎప్పుడూ ఏదీ చూద్దామనే మనిషి కాదు ఆమె.

గీత


కార్వాన్,
దీపావళి ముందు

గీతా, చెల్లే,

నీ చీటి వచ్చి చానా రోజులైంది. ఇప్పటిదాక జవాబు రాయలే. కారణం తర్వాత చెప్త. ముందు అసలు ముచ్చట చెప్తున్న, గోడకు ఆనుకొని కూసొని చదువు.

మా మరిది ప్రేమ్‌రాజ్‌ది ఏమీ లేదు. బిడ్డకూ ఏమీ లేదు. మీ అమ్మ బీదర్ పోలేదు. ఇక్కడే, మా వెనక గల్లీల, తన అర్రలనే ఒక్కతే ఉంది. బోనాల ముందు నుంచే కడుపుల నొప్పి అనేది. దవాఖానల చూసి లోపల గడ్డ ఉందన్నరు, ముదిరిపోయిందన్నరు. ఇంటికి తీస్కపొమ్మన్నరు. రోజూ పొద్దున, మాపు నేను పోయి గంజి తాగిస్తున్న. నీ బావ ఎత్తి కూసోబెడతడు. పూలకొట్టు మూసి మూడు నెలలైంది.

అత్తకు తెలుసు, ప్రేమ్‌రాజ్‌కు తెలుసు. "గీతకు తెలిస్తే ఫికర్ చేస్తది, ఆడపిల్ల పుడితే నీదే పాపం" అని అత్త నా చెయ్యి నందు తల మీద పెట్టించి ఒట్టు వేయించింది. మీ అమ్మ కూడ "నా బిడ్డకు కొడుకు పుట్టనియ్యి, చెప్పకు ఆండాలూ" అన్నది. నోటితో గట్ల అంటది. కాని గల్లీల బండి చప్పుడైతే తలకాయ తలుపు దిక్కు తిప్పుతది. ప్రతిసారి తిప్పుతది. ఇన్ని నెలలు గంజి పోసింది నేను, ఆమె కండ్లు వెతికేది నిన్ను. అక్కడ కూడ నీ మీద కుళ్ళొచ్చింది నాకు.

ఇగ జవాబు ఎందుకు రాయలేదో విను. నాకు చెప్పాలనే ఉండె, మొదటి రోజు నుంచే ఉండె. ఎందుకు ఉందో నాకు తెలుసు గనుకనే భయమైంది. చెప్తే నువ్వు ఏడుస్తవు, ఏడిస్తే నీకూ ఆడపిల్ల పుడతది, అప్పుడు అత్త ముఖం చూడాలె అని నా మనసుల ఒక మూల కూసొని ఉండె. ఆ ఫికర్ ముచ్చట నేను నమ్మలే అంటనే నమ్మిన. అందుకే నోరు కట్టేసుకున్న. నేను కుళ్ళుబోతుదాన్ని కాదు, చూడు, చెప్తలేను అని నాకు నేనే చెప్పుకున్న.

నిన్న మీ అమ్మ గంజి మింగలే. గప్పుడు తెలిసింది. నేను మంచిదాన్ని అనిపించుకునేతందుకు ఆమె బిడ్డను ఆమెకు దూరం పెడుతున్న. కుళ్ళుతోటి చెప్పినా చెప్పినట్టే గదా, నువ్వొస్తే ఆమె చూస్తది. నీకు ఏ బిడ్డ పుడతదో నాకు తెల్వదు. అమ్మ మాత్రం నీకు ఒక్కతే.

సదర్ నాడు అందరూ దున్నలను తోలుకొని పోతరు. నడుము నొప్పి అని నువ్వు ఇంట్లనే ఉండు. నీ బావ బండి తెస్తడు, నెమ్మదిగ తోలుతడు.

ఆండాలు


ఛత్రినాక,
కార్తీకం

అక్కా,

ఏమీ రాయకు. నాకు తెలిసింది.

నిన్న మీ మరిది గడ్డి కొనడానికి మండీకి వెళ్తున్నానని పొద్దున్నే వెళ్ళారు. మధ్యాహ్నం తల తడిగా, వేరే చొక్కాతో వచ్చారు. గడ్డి కొన్నవాళ్ళు తలస్నానం చేసి రారు కదా. అత్తమ్మ గడప దగ్గరే చెంబుతో నీళ్ళిచ్చారు. నేను లోపలి నుంచి చూశాను. ఇద్దరూ నా వైపు చూసి ఒకేసారి నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం మీగడలో చక్కెర వేసి ఇచ్చారు, తిన్నాను. అమ్మ పోయిన రోజు మీగడ తిన్నాను అక్కా.

చెప్పేస్తే నువ్వు బయటపడతావని చెప్పలేదు. నీ ఒట్టు నాకు గుర్తుంది.

సదర్ నాడు నువ్వు నీళ్ళకని బయటికి వెళ్ళినప్పుడు అమ్మ నా కడుపు మీద చెయ్యి పెట్టింది. చెయ్యి ఎంత తేలికగా ఉందో! నేను ఏడుస్తుంటే తిట్టింది. "నువ్వు నా కడుపుల ఉన్నప్పుడు మీ నాయినకు పని లేకుండె. ఇంట్ల బియ్యం లేకుండె. ఫికర్‌తోనే కన్న నిన్ను. ఫికర్ లేకుండ ఎవలు కన్నరే పిల్లలను?" అంది. తర్వాత "నిన్ను చూసిన రోజు ఆ ఫికరంతా ఏమైందో యాదికి లేదు" అంది.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. ఐదో నెల చెకప్‌లో మా డాక్టరమ్మను ఆ వీడియో మాట అడిగాను. ఆమె విసుక్కోకుండా చెప్పింది. ఆడా మగా అన్నది మొదటి రోజే, తండ్రి వైపు నుంచి వచ్చేదాన్ని బట్టి తేలిపోతుందట. వేలమంది తల్లులను లెక్కగట్టిన కొందరు, గర్భం నిలిచే రోజుల్లో బాగా ఒత్తిడి పడ్డవాళ్ళలో మగపిల్లలు కాస్త తక్కువ అన్నారట. అది కూడా అందరూ ఒప్పుకున్న సంగతి కాదట, దాన్ని పట్టుకుని ఫలానా తల్లికి ఇందుకే ఇది పుట్టింది అని ఎవరూ చెప్పలేరట. నెలలు నిండుతుంటే చేసే దిగులుకు లోపలి బిడ్డ మారిపోదు అని నవ్వింది.

ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ భోగం పోతుందని. ఆ మర్నాడే ముత్యాల గాజులు కొన్నారు. నీకు ఆనాడే ఒక్క ముక్క రాసి ఉంటే నందుకు జవాబు చెప్పుకునేదానివి, అమ్మ సంగతి నాకు అప్పుడే చెప్పేదానివి. భాద్రపదం నుంచి దీపావళి దాకా నేను అమ్మ దగ్గర కూర్చునేదాన్ని. ఆ రోజులన్నీ ఒక జత గాజులకు పోయాయి.

నీకు నా మీద కుళ్ళు అని ఎన్నిసార్లు రాశావు. ఇప్పుడు నాకు నీ మీద ఉంది. మా అమ్మకు నువ్వు నీళ్ళు పోసి ఉంటావు. తల దువ్వి ఉంటావు. గల్లీ అంతా వినేలా ఏడ్చి ఉంటావు. నా తల్లి కోసం ఏడ్చే హక్కు నీకుంది, నాకు లేదు. నాకు దున్నపోతు ఫొటో ఉంది.

గీత


కార్వాన్,
కార్తీక సోమవారం

చెల్లే,

నువ్వు ఏమీ రాయకు అన్నవు. రాయకుండ నాతోని కాలే.

పసుపు నీళ్ళు నేనే పోసిన. తల దువ్విన. జడ పల్చగ అయింది, అయినా ఆమెకు ఇష్టమని సన్నజాజులు పెట్టిన. గుడి ముందు పక్క కొట్టామె పైసలు తీసుకోకుండ ఇచ్చింది. ఆకుపచ్చ చీర కట్టిన, నీ పెండ్లికి కట్టిందే. ప్రేమ్‌రాజ్ పాడె మోసిండు. మోస్తూ చిన్నపోరని లెక్క ఏడ్చిండు. వాని మీద కోపం ఉంచుకో, కాని ఈ ముచ్చట కూడ తెలుసుకో.

నేను గట్టిగనే ఏడ్చిన. సగం ఏడుపు నీదని మనసుల అనుకొని ఏడ్చిన.

సదర్ తర్వాత ఆమె బండి చప్పుడుకు తల తిప్పలే. ఒక్కసారి కూడ తిప్పలే. నువ్వొచ్చి పోయినవని ఆమెకు చాలింది. గంజి కూడ తాగింది.

డాక్టరమ్మ మాట చదివి మస్తు కోపమొచ్చింది. కాయితం ఉండ చేసి పొయ్యి కాడ పడేసిన. మళ్ళ తీసి సాపు చేసిన. మొదటి రోజే తేలుతదట! నా అమల ముచ్చట, నా నందు ముచ్చట మొదటి రోజే తేలిందట. పదేండ్లు మోసిన నేను ఆ తప్పు. నువ్వు రెండు నెలలు ఆ మాట మింగి కూసున్నవు. నిన్ను తిట్టాలని ఉంది, కాని నేను మీ అమ్మ ముచ్చట మింగిన. ఇద్దరం సమానమే.

ఒట్టు తప్పిన గదా, నందు తుమ్మినా నుదురు ముట్టి చూస్తున్న. ఇప్పటిదాక ఏం కాలే.

మంచిగ తిను. ఏడుపొస్తే కొట్టంలకు పో. బర్రెలు ఎవరికీ చెప్పవు.

ఆండాలు


ఛత్రినాక,
మార్గశిరం చివర

అక్కా,

మగపిల్లవాడు. ఇద్దరం క్షేమం. బావ చెప్పే ఉంటారు.

అత్తమ్మ గల్లీ చివరి దాకా లడ్డూలు పంచారు. వచ్చిన ప్రతి ఒక్కరితో, "ఒక్క ఫికర్ రానియ్యకుండ చూసుకున్నం, గందుకే" అంటున్నారు. అమ్మ సంగతి పిల్లవాడు పుట్టిన మర్నాడు చెప్పారు. అప్పుడే విన్నట్టు ఏడ్చాను. అక్కడ నటించవలసిన పని లేకపోయింది, దాచుకున్నదంతా వచ్చింది. ఫోన్ తిరిగి ఇచ్చారు. అయినా నీకు రాయడమే నాకు బాగుంది.

ఇరవై ఒకటో రోజు ఊయల పండుగ, తొట్టెలలో వేస్తారు. నువ్వు ఇంతవరకు చూడటానికి రాలేదు. తొట్టెలకు తప్పక రావాలి.

గీత


కార్వాన్,
మంగళవారం

గీతా,

సంబురమైందని రాయాలె. సగమే అయింది.

కొడుకు అని నీ బావ చెప్పంగనే చేతిల ఉన్న పాల సర్వ కింద పెట్టి కూసున్న. నీకు ఆడపిల్ల కావాలని నేను కోరుకోలే, ఒట్టు. మీ అమ్మ పోయినంక అసలే కోరుకోలే. కాని కొడుకు పుట్టాలని కూడ కోరుకోలే. పుడితే అత్త మాట గెలుస్తదని. గెలిచింది. నిన్న పాలకని వచ్చినామె కూడ నాతో అన్నది: "చూసినవా ఆండాలూ, ఫికర్ లేకుంటే గట్ల." నువ్వు ఎన్ని రోజులు ఏడ్చినవో నీకు తెలుసు, నాకు తెలుసు, బర్రెలకు తెలుసు. లోకానికి తెల్వదు. చెప్తే మనిద్దరికీ ఆ ఇంట్ల నూకలు చెల్లినట్టే.

నేను తొట్టెలకు రాను. అత్త అందరి ముందు మళ్ళ ఆ మాట అంటది, నందు పక్కన నిలబడి వింటది. నాకు గాజులు వద్దు, లడ్డూలు వద్దు, నీ కొడుకు కూడ వద్దు. ఆ మాట నా పిల్లల మీద నుంచి పోతే చాలు.

పిల్లలు నాయినతోటి వస్తమని ఏడుస్తున్నరు, పంపుతున్న. నా ఒంట్ల మంచిగ లేదని చెప్పు.

ఆండాలు


ఛత్రినాక,
తొట్టెల మర్నాడు

అక్కా,

నిన్న జరిగింది బావ తన పద్ధతిలో రెండు ముక్కల్లో చెప్పి ఉంటారు. నేను మొత్తం రాస్తున్నాను.

పాటలు పాడి, పిల్లవాణ్ణి తొట్టెలలో వేశారు. హాలు నిండా జనం. మీ పాలు పోయించుకునే వాళ్ళు కూడా వచ్చారు. అత్తమ్మ మొదలుపెట్టారు. "నా పెద్ద కోడలికి ఫికర్ గుణం, చిన్న కోడలిని మాత్రం..." అనేసరికి నందు నా పక్కన మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంది. తల దించుకుంది. నువ్వు రాసింది కళ్ళతో చూశాను.

నాకు నోరు ఎలా వచ్చిందో తెలియదు. "అత్తమ్మా, నేను సదర్ పండుగ నుంచి రోజూ ఏడుస్తున్నా" అన్నాను. పాటలు పాడేవాళ్ళు ఆగిపోయారు. "మా అమ్మ సంగతి నాకు ముందే తెలుసు. నేను పోయి చూసొచ్చిన. అమ్మ పోయిన రోజు కూడ తెలుసు, మీరు పెట్టిన మీగడ ఏడుపు మింగుకుంట తిన్న. కడుపు నిలవక ముందు ఆరేండ్లు గొడ్డుదాన్నని మీరే అంటుంటే దినాం ఏడ్చిన. ఈ పోరడు ఫికర్‌ల నిలిచిండు, ఫికర్‌ల పెరిగిండు, ఫికర్‌లనే పుట్టిండు. ఇగ అక్కను, పిల్లలను ఆ మాట అనకుర్రి" అన్నాను. చూశావా, నా పుస్తకాల తెలుగు ఎక్కడికో పోయింది.

"ఎవలు చెప్పిన్రు నీకు?" అన్నారు అత్తమ్మ. "ఆండాలక్క చెప్పింది. ఈ ఇంట్ల నాకు నిజం చెప్పింది ఆమె ఒక్కతే" అన్నాను. బావ గోడ దగ్గర నుంచి "తోలుకపోయింది నేను" అన్నారు. ఆయన అంత మంది ముందు మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు.

అత్తమ్మ ఏమన్నారో తెలుసా? "గట్లనా! మరి ఏడ్వకుంటే కవల కొడుకులు పుట్టేటోళ్ళు!" అన్నారు. హాలంతా పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏం చెయ్యను? కాని ఆ నవ్వు అత్తమ్మ మీదనే పోయింది. నీ మీదికి రాలేదు.

అందరూ వెళ్ళాక ఆమె నా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నారు. "మీ అమ్మ నన్నేమన్న అన్నదా?" అని అడిగారు. "కొడుకు పుట్టనియ్యి, చెప్పొద్దు అన్నదట. అన్నప్పుడల్లా తలుపు దిక్కు చూసేదట" అన్నాను. కొంగు ముడి విప్పి మళ్ళీ కట్టుకున్నారు. గోడ మీది దున్నపోతు ఫొటో తీసి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. క్షమించమని అనలేదు. అనరు కూడా.

నందు పోయేటప్పుడు తొట్టెల ఒకసారి ఊపి వెళ్ళింది.

గీత


కార్వాన్,
గురువారం

గీతా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. కవల కొడుకులట! ఆ ముసలమ్మతో ఎవరూ గెలవలేరు. అయినా నిన్న పాలకని వచ్చినామె నాతో ఆ మాట ఎత్తలే. "మీ చెల్లె మస్తు ధైర్యస్తురాలు" అన్నది. నాకు మళ్ళ కుళ్ళొచ్చింది. ఆ ధైర్యం నేను చెయ్యాల్సింది. పదేండ్ల కింద, నా నోటితో.

తెల్లారంగ నల్ల బర్రె ఈనింది. పెయ్యదూడ. నీ బావ ముఖం చూడాలె, పండుగ చేసుకుంటున్నడు. జున్ను కాచిన, బెల్లం, యాలకులు వేసిన. మీ ఇంటికి పెద్ద గిన్నె పంపుతున్న. అత్తకు మొదటి ముక్క నువ్వే పెట్టు.

నందు పొయ్యి కాడనే కూసున్నది. "అమ్మా, బర్రెకు పెయ్య పుడితే జున్ను పంచుతరు గదా, నేను పుట్టినప్పుడు ఏం పంచిన్రు?" అని అడిగింది. అబద్ధం చెప్పాలనుకున్న, చెప్పకుండ లేచి ఇంకో గిన్నె నింపి దాని చేతికిచ్చిన. "ఇది బర్రెది కాదు. గల్లీల ఇంటింటికి నువ్వే పంచు. ఏమిటికి అని అడిగితే, నేను పుట్టినందుకు అని చెప్పు" అన్న.

కార్వాన్ గల్లీ అంతా తిరుగుతున్నది ఇప్పుడు. ఇక్కడికి దాని గొంతు వినబడుతున్నది. అమల కూడ తన గిన్నె కోసం నిలబడ్డది, అదీ నింపాలె.

రేపు నీ కొడుకును ఎత్తుకునేతందుకు వస్తున్న. కుళ్ళు పోలేదు, దాన్ని కూడ వెంట తెస్తున్న. తలుపు తీసిపెట్టు.

నీ అక్క,
ఆండాలు